చెఱసాలలో రెండు న్యాయములు

2024వ సంవత్సరము ఆగష్టు మాసమున బెంగుళూరు పరప్పన అగ్రహారము కారాగారమునుండి యొక ఛాయాచిత్రము వెలువడెను. హత్యానేరారోపణపై విచారణలోనున్న కన్నడ చలనచిత్రనటుడు దర్శన్ జైలు ఆవరణలోని పచ్చికపై కుర్చీ వేసికొని, యొకచేత కప్పును, మఱియొకచేత సిగరెట్టును బట్టి, తోడివారితో ముచ్చటించుచున్నట్లు దానియందు గానవచ్చెను. దేశమంతట గగ్గోలు పుట్టెను. పలువురు జైలు ఉద్యోగులు సస్పెండు చేయబడిరి. ఖైదీ బళ్ళారి చెఱసాలకు మార్పబడెను. అంతటితో జనుల కోపము చల్లారెను. కుర్చీ తొలగినది, ఆ కుర్చీని దెచ్చి వేయించిన యలవాటు తొలగెనా యని యడిగినవారు మాత్రము మిక్కిలి తక్కువ.

ఆయన దోషియా, నిర్దోషియా యనుమాట న్యాయస్థానము తేల్పవలసినది. అందు మేము వేలు పెట్టము. మా ప్రశ్న వేఱు. అదే చెఱసాలలో, అదే దినమున, అదే తీరున విచారణకై వేచియున్న వేలకొలది ఖైదీలలో నెందఱికి కూర్చుండుటకు కుర్చీ దొరకెను? ఎందఱికి కాలు చాపుకొనుటకైన చోటు దొరకెను? పేరుగలవానికి పచ్చిక, పేరులేనివానికి చీకటిగది యనునది ధర్మమైనచో, న్యాయదేవత కన్నులకు కట్టిన గంత యేల?

ఇది నిన్న మొన్న పుట్టిన వ్యాధి కాదు. 2017 జూలైలో నదే చెఱసాలనుగూర్చి, అప్పటి జైళ్ళశాఖ డి.ఐ.జి. శ్రీమతి రూప తమ పై యధికారులకు నివేదిక నంపుచు, అవినీతి కేసులో శిక్ష ననుభవించుచున్న తమిళనాటి నాయకురాలు శ్రీమతి శశికళకు ప్రత్యేకముగ వంటయిల్లు సమకూర్పబడినదనియు, అందుకై లంచము చేతులు మాఱినట్లు వదంతి గలదనియు వ్రాసిరి. ఆ నివేదిక వెలువడిన కొలది దినములకే బదిలీ యైనది రూపగారు! ఏడేండ్ల పిమ్మట పచ్చికపై కుర్చీ కనబడినదన్న నాశ్చర్యపడ నేల? ఇంటికి నిప్పంటుకొన్నదని కేక వేసినవారిని వీధి దాటించిన పిమ్మట, ఆ నిప్పు దానంతట నాఱునా?

ఇచ్చట మన చరిత్రను మనము నిష్పక్షపాతముగ తిరుగవేయవలసియున్నది. చెఱసాలలో తరగతులను నిర్మించినది పరప్రభుత్వము. కాని, వానియందు సుఖముగ కూర్చుండినవారిలో మనవారును గలరు.

1908లో ‘స్వరాజ్య’ పత్రికయందలి రచనకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహనేరముపై శిక్షితులై వేలూరు చెఱసాలకు బోయినప్పుడు, పట్టభద్రుడనిగాని, పత్రికాసంపాదకుడనిగాని వారికి మన్నన యేమియు దొరకలేదు. సామాన్య ఖైదీవలెనే వారు కష్టముల ననుభవించిరి. 1929లో లాహోరు చెఱసాలలో భగత్‌సింగును, ఆయన సహచరులును నిరాహారదీక్ష పూనినది తమ సుఖమునకు గాదు. ఐరోపా జాతివాడైన ఖైదీకి నొక తిండి, భారతీయునకు మఱియొక తిండి యేలయని యడుగుటకు, రాజకీయఖైదీలను మనుష్యులుగ చూడుమని కోరుటకు. ఆ దీక్షయందే జతీంద్రనాథదాసు 63 దినములు కృశించి సెప్టెంబరు 13వ తేదీన ప్రాణములు విడిచెను.

ఆ యాత్మత్యాగమునకు పరప్రభుత్వ మిచ్చిన సమాధానమేమి? 1930 ఫిబ్రవరిలో ఖైదీలను ఏ, బీ, సీ యను మూడు తరగతులుగ విభజించెను. రాజకీయఖైదీ యను ప్రత్యేకవర్గమును మాత్ర మంగీకరింపలేదు. తరగతిని నిర్ణయించునది నేరముయొక్క స్వభావ మొక్కటియే కాక, ఖైదీ సంఘమునందలి హోదా, చదువు, జీవనపు అలవాటుగ కూడ నుండెను. ఇంటివద్ద మంచముపై పరుండువాడు జైలునందును మంచముపై పరుండవచ్చును. ఇంటివద్ద నేలపై పరుండువానికి నేలయే చాలును! సమానత్వమునకై యొక యువకుడు ప్రాణమిచ్చెను. ఆ ప్రాణమునకు మాఱుగ దొరకినది మఱింత చక్కగ గీసిన యసమానత్వము.

ఉప్పు సత్యాగ్రహమున నొకే శాసనమును ధిక్కరించి, ఒకే దినమున పట్టుబడిన వకీలు పై తరగతికిని, ఆయన వెంట నడచిన రైతుకూలి సీ తరగతికిని బోయిరి. పై తరగతిని నిరాకరించి తోడివారితో గూడ నున్న మహనీయులు లేకపోలేదు. వారికి మా నమస్కారము. కాని, అందఱును నట్లు చేసిరని చెప్పినచో నది యసత్యమగును. గ్రంథములు, ఉత్తరములు, ఇంటిభోజనము మొదలగు సదుపాయములు గల జైలుజీవితమును తమ త్యాగముగ చెప్పుకొన్నవారి చరిత్రలు మనకు బెక్కులు గలవు. సీ తరగతి గంజి త్రాగినవాని చరిత్ర నెవ్వరును వ్రాయలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ననేక రాష్ట్రముల జైలు నియమావళులలో నీ విభజన యేదో యొక రూపమున నిలిచియుండెను. దొరలు పోయిరి; వారి కుర్చీ మిగిలెను.

నియమావళులలో మిగిలినది కుర్చీ యొక్కటియే కాదు. ఫలానా కులమువారు ఊడ్చుపనికి, ఫలానా కులమువారు వంటకు అని పని పంచు నిబంధనలు కూడ పలురాష్ట్రముల జైలు పుస్తకములలో నుండెను. 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీంకోర్టు వానిని రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. గణతంత్రమై 74 ఏండ్లు గడచిన పిదప! చెఱసాల గోడ యెత్తయినది గావున, లోపల నేమి మిగిలియున్నదో బయటివారు చూడలేదని చెప్పుదమా? చూడదలంపలేదని చెప్పుటయే సత్యమునకు దగ్గఱ.

ఇంక శిక్షపడినవారి సంగతి చూతము. పెరోలు, ఫర్లో యనునవి ఖైదీకి సంసారముతో సంబంధము తెగిపోకుండుటకై చట్టము దయచేసిన యవకాశములు. అవి మంచివి. అవి యెవరికి దొరకుచున్నవి?

బొంబాయి పేలుళ్ళ కేసులో ఆయుధచట్టము క్రింద నటుడు సంజయదత్తునకు 5 ఏండ్ల శిక్షను 2013 మార్చిలో సుప్రీంకోర్టు ఖాయపఱచెను. ఆ మే మాసమున నాయన లొంగిపోయెను. మొదటి యేడాది తిరుగకమునుపే ఫర్లోపైన, పెరోలుపైన నూఱు దినములకు మించి యాయన బయటనుండెను. సత్ప్రవర్తనకు లభించు తగ్గింపుతో 2016 ఫిబ్రవరిలో విడుదలయ్యెను. ఇందు నియమము తప్పినదని మే మనుట లేదు. మా వాదమున కదియే మూలము. నియమమును తప్పింపకయే యసమానత్వము నడచుచున్నది. నియమ మందఱికి నున్నది. దానిని చదివి చెప్పు వకీలు, వ్రాసి పెట్టు గుమాస్తా, దస్త్రమును బల్లనుండి బల్లకు నడిపించు చేయి కొందఱికే యున్నవి.

డేరా సచ్చా సౌదా యధిపతి గుర్మీత్ రామ్ రహీమునకు తన శిష్యురాండ్ర నిద్దఱిని చెఱచిన నేరముపై 2017 ఆగష్టున 20 ఏండ్ల శిక్ష పడెను. 2020 మొదలు 2025 ఆగష్టు వఱకు నాతడు పదిమాఱులకు మించి, యొక్కొక్కతూరి మూడువారములు, నలువది దినములు అను లెక్కను, చెఱసాల వెలుపల గడపెను. వానిలో కొన్ని యెన్నికల ముంగిట వచ్చుట పత్రికలు చదువువా రెఱిగినదే. ఇదియు హర్యానా చట్టము ననుసరించియే జరిగినదని యచ్చటి ప్రభుత్వము చెప్పుచువచ్చినది.

దీని ప్రక్కను మన తెలుగుబిడ్డ కథను నిలిపి చూడుడు. అమలాపురమున జన్మించి, బాల్యమునందే కాళ్ళు చచ్చుబడి, చక్రముల కుర్చీపై జీవించుచు, ఢిల్లీలో నాంగ్లాచార్యుడైన జి. ఎన్. సాయిబాబా 2014లో నిర్బంధింపబడి, 2017లో శిక్షితుడై నాగపురము చెఱసాలలోని అండాసెల్లున నుంచబడెను. 2020 ఆగష్టు 1వ తేదీన నాయన తల్లి హైదరాబాదున మరణించెను. మరణశయ్యపైనున్న తల్లిని జూచుటకు పెరోలడిగిన దొరకలేదు, అంత్యక్రియలకైన దొరకలేదు. 2022 అక్టోబరు 14వ తేదీన బొంబాయి హైకోర్టు ఆయనను నిర్దోషియని విడువ, మఱునాడు శనివారమైనను సుప్రీంకోర్టు ప్రత్యేకముగ కూర్చుండి యా తీర్పును నిలిపెను. 2024 మార్చి 5వ తేదీన హైకోర్టు మరల నిర్దోషియనెను. ఆ యేడాది అక్టోబరు 12వ తేదీన హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో నాయన కన్ను మూసెను. ఆయన రాజకీయాభిప్రాయములతో మాకు పొత్తు లేదు. తల్లిని కడసారి చూచుటకు అభిప్రాయముతో పనియేమి? దోషియని శిక్షపడిన గురువుగారికి నలువదేసి దినములు. తుదకు నిర్దోషియని తేలినవానికి తల్లి చితియొద్ద నొక్కగడియ లేదు. దీనికి న్యాయమని పేరు పెట్టుటకు మా కలమునకు చేయి రాకున్నది.

ఫాదర్ స్టాన్‌స్వామి సంగతి యింకను చిన్నది. అందుచేతనే యింకను పెద్దది. 83 ఏండ్ల వృద్ధుడు, కంపవాతముచే చేతులు వడకువాడు. 2020 నవంబరులో తలోజా చెఱసాలనుండి నీళ్ళు త్రాగుటకు గొట్టముగల చెంబు కావలెనని న్యాయస్థానమును వేడుకొనెను. ప్రత్యుత్తర మిచ్చుటకు దర్యాప్తు సంస్థ 20 దినముల గడువడిగెను. కడకు చెంబు దొరకెను. బెయిలు దొరకలేదు, 2021 జూలై 5వ తేదీన నాయన బెయిలు దరఖాస్తు విచారణలో నుండగనే మరణించెను. ఒక చెఱసాలలో సిగరెట్టునకు గడువు లేదు. మఱియొక చెఱసాలలో నీటిగొట్టమునకు మూడువారముల గడువు.

ప్రసిద్ధులసంగతి యట్లుండ, అసలు పేరే యెఱుగనివారి సంగతి యేమి? 2022 డిసెంబరు 31 నాటి ప్రభుత్వపు లెక్కల ప్రకారము దేశమందలి చెఱసాలలలో 5,73,220 మంది ఖైదీలు గలరు. చోటున్నది 4,36,266 మందికి. ఆ ఖైదీలలో 4,34,302 మంది, అనగా నూటికి 75 మందికి పైగా, విచారణ ముగియనివారే. చట్టము దృష్టిలో వీరు నిర్దోషులు. చెఱసాల దృష్టిలో ఖైదీలు.

వీ రేల బయటికి రాలేరు? 1978లో మోతీరాం అను తాపీపనివాని వ్యాజ్యెము సుప్రీంకోర్టునకు వచ్చెను. అత్యున్నత న్యాయస్థానమే యతనిని బెయిలుపై విడువుమని చెప్పగ, క్రింది మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీ కోరెను. తమ్ముడు పూచీకి నిలువగ, అతని యాస్తి వేఱుజిల్లాలో నున్నదని త్రోసివేసెను! జస్టిస్ కృష్ణయ్యరు మండిపడి, 1,000 రూపాయల సొంతపూచీపై విడువుమని యాజ్ఞాపించిరి. మఱుసటి యేడాది బీహారు చెఱసాలలలో, తమ నేరము ఋజువైనచో పడదగిన శిక్షకంటె నెక్కువకాలము విచారణకై పడియున్నవారు బయల్పడిరి. ఈ రెండు తీర్పులును న్యాయవాదుల బీరువాలలో బంగారు అక్షరములతో నున్నవి. అయినను 2023 జనవరిలో సుప్రీంకోర్టు ముందుంచబడిన లెక్కను బట్టి, బెయిలు మంజూరైన పిమ్మట కూడ, పూచీకత్తు లేక జైలులోనే మిగిలినవారు సుమారు 5,000 మంది!

మన హైదరాబాదునందే 2024 డిసెంబరున నొక సంగతి జరిగెను. చిత్రప్రదర్శనశాల యొద్ద డిసెంబరు 4వ తేదీ తొక్కిసలాటలో నొక స్త్రీ మరణించిన కేసున, నటుడు అల్లు అర్జునుని 13వ తేదీన నరెస్టు చేసిరి. క్రిందికోర్టు రిమాండునకు పంపిన సాయంకాలమే తెలంగాణ హైకోర్టు మధ్యంతరబెయి లిచ్చెను. కాగితములు చేరుటలో నాలస్యమగుటచే నొక్కరాత్రి చంచల్‌గూడ చెఱసాలలో నుండి, మఱునాటి యుదయమున విడుదలయ్యెను. ఆయనకు బెయి లిచ్చుట తప్పని మే మనము. అట్టి శీఘ్రమే న్యాయమునకు తగినది. కాని, ఆ యొక్కరాత్రి యాలస్యమునకు రాష్ట్రమంత యట్టుడికినట్లుడికెను. బెయిలు కాగితము చేతనుండగనే, పూచీదారు దొరకక నెలలు గడుపు కూలివానికై యే వీధియైన నొక్కగడియ యట్టుడికెనా?

కొంద ఱిట్లందురు: పేరుగలవానికి చెఱసాలలో ప్రాణభయ మెక్కువ, సుఖమున కలవాటుపడినవానికి నొక్కదినము సామాన్యున కొకమాసముతో సమానము, పరువునష్టమే యతనికి సగము శిక్ష, కావున కొంత మన్నన యుచితమే. ఇందు రక్షణ మాట నిజము. రక్షణకు వేఱుగది యీయవలసినచో నిచ్చుగాక. గదికి తాళము రక్షణ. గదిలోనికి సిగరెట్టు రక్షణ కాదు. సుఖమున కలవాటుపడినవానికి బాధ యెక్కువ యనుట 1930నాటి దొరతనపు తర్కమే. దాని ప్రకారము బీదవాడు పుట్టుకతోనే సగము శిక్ష ననుభవించినవాడు గావున నతనిని ముందుగ విడువవలెను!

మన ప్రాచీనులైన నిట్లు తలపలేదు. మనుస్మృతి సమన్యాయగ్రంథమని మేము చెప్పము. అందు వర్ణభేద మడుగడుగున గలదు. అయినను దొంగతనము విషయమున, సామాన్యున కొక కార్షాపణము దండుగయైనచోట రాజునకు వేయి యనియు, ఎఱిగి చేసినవాని కంతకంతకు హెచ్చనియు నది చెప్పినది. కౌటిల్యుడు రాజు జన్మనక్షత్రమునాడును, పున్నమలనాడును చెఱనుండి విడువదగినవారిని పేర్కొనుచు బాలురను, వృద్ధులను, రోగులను, అనాథులను జెప్పెను. ప్రసిద్ధులను జెప్పలేదు. ఇంక మన కాలమున 1922 మార్చిలో అహమ్మదాబాదు న్యాయస్థానమున మహాత్ముడు జడ్జీ యెదుట నిలిచి, తనకు దయ వలదనియు, చట్టము నమ్మినచో కఠినతమ శిక్ష వేయుమనియు కోరెను. ఆఱేండ్లు పడెను. ఆనాడు దేశమున నాయనకంటె ప్రసిద్ధు డెవడు?

మఱియొక ప్రమాదమునుగూర్చియు హెచ్చరింపవలెను. 2025 ఆగష్టు 14వ తేదీన సుప్రీంకోర్టు దర్శన్ బెయిలును రద్దుచేయుచు, ప్రసిద్ధి రక్షాకవచము కాదని స్పష్టపఱచెను. జైలులో విలాసములు కనబడినచో సూపరింటెండెంటును సస్పెండు చేయింతునని హెచ్చరించెను. సంతోషము. మఱుసటి మాసముననే యాతడు ఎండ పొడ లేదని, చేతులకు బూజుతెగులు పట్టినదని న్యాయస్థానమున మొఱ పెట్టుకొనెను. ఇదివిని చప్పట్లు చఱచినవారు గలరు. మేము వారిలో చేరము. పచ్చికపై కుర్చీ యెంత తప్పో, ఎండ లేని గది యంత తప్పు. కాని, ఆ గదులలో నాతనికి ముందు నుండిన పేరులేనివారికి ఎండ దొరకెనా? వారి మొఱ నే పత్రిక యచ్చువేసెను? మేమును వేయలేదని తల వంచుకొని యొప్పుకొనుచున్నాము. సమానత్వ మనగా పెద్దవానిని చీకటిలోనికి ద్రోయుట కాదు. చిన్నవానిని వెలుతురులోనికి దెచ్చుట.

చేయవలసిన దేమి? చట్టములు కొఱవడలేదు. 2024 జూలై 1వ తేదీనుండి యమలైన నాగరిక సురక్షాసంహిత 479వ విభాగము ప్రకారము, మొదటిసారి నేరారోపణకు గుఱియైనవాడు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము గడపినచో విడుదల కర్హుడు; మరణశిక్షకో, యావజ్జీవశిక్షకో తగిన నేరములవారికి మాత్ర మిది వర్తింపదు. దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. కేంద్రపథకము బీదఖైదీ పూచీసొమ్మునకు 2023లో 40,000 రూపాయల వఱకు సహాయము నిర్ణయించినది. బెయిలు వచ్చిన యేడుదినములలో ఖైదీ బయటికి రానిచో జిల్లా న్యాయసేవాసంస్థకు తెలుపవలెనని సుప్రీంకోర్టు 2023లో నాజ్ఞాపించినది. వీనికి తోడు మేము కోరున దొక్కటి: ప్రతి చెఱసాలయు నెలనెలకు పెరోలు, ఫర్లో యెందఱడిగిరో, ఎందఱికి దొరకెనో, ఎన్నిదినములలో దొరకెనో బహిరంగముగ ప్రకటింపవలెను. పేరులు వలదు, అంకెలు చాలును. ఎంతకాలము పట్టినదను నా యొక్క గడియే యంతయు చెప్పును.

కడపట పాఠకమహాశయుల కొకమాట. మీలో భూవసతి గలవారు, పట్టణమున నిల్లు గలవారు పెక్కుమంది. మీ పాలేరో, మీ వీధి రిక్షావాడో చిన్ననేరముపై పట్టుబడి, బెయిలు వచ్చియు పూచీదారు లేక జైలులో నున్నప్పుడు, మీ పట్టాదారు పాసుపుస్తకముతో కోర్టుమెట్లెక్కినవా రెందఱు? మీ బంధువునకై ములాకతు సమయము దాటిన పిమ్మట జైలరునకు టెలిఫోను చేయించినవా రెందఱు? నటుని కుర్చీని జూచి మనము కోపించితిమి. ఆ కుర్చీ కాళ్ళు మన సిఫారసులతోనే చేయబడినవి. సిఫారసును మానుట కష్టము. పేదవానికి పూచీ నిలుచుట యంతకంటె కష్టము. ఆ రెండును చేయగలిగిననాడే పరప్పన అగ్రహారము ఛాయాచిత్రమును జూచి కోపించుటకు మనకు హక్కు గలుగును.